నైరుతిలో గొయ్యి

నర్సింహ గురించి చెప్పాలంటే ముందు మా నిర్మాతగారి తెలివి గురించి చెప్పాలి. ఆ తెలివే లేకపోతే నర్సింహ తన పని తాను చేసుకుని వెళ్లిపోయే మామూలు కరెంటు మనిషి. నాకిది రాసే పనీ ఉండేది కాదు.

మా నిర్మాత రవిచంద్రగారికి జూబ్లీహిల్స్‌లో వెయ్యి గజాల ఇల్లు, ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు ఉన్నాయి. నేను పద్దెనిమిదేళ్లుగా ఆయన మేనేజర్ని. మేనేజరంటే ఏదో ఊహించుకోకండి. ఆయన తుమ్మితే శతాయుష్షు అనాలి, ఆయనకు నచ్చిన కథ నాకూ నచ్చాలి. అంతకు మించి బుర్ర వాడితే ఉద్యోగం ఉండదు.

నర్సింహది రహమత్ నగర్. యాభై దాటాయి. పన్నెండేళ్లు సినిమాల్లో లైట్‌మన్‌గా చేశాడు. ఒకసారి వాన పాట తీస్తుంటే, తడి నేల మీద నిలబెట్టిన లైటు స్టాండు ముట్టుకుని అతని జతగాడు తిరుమలేశ్ అక్కడికక్కడే పోయాడు. యూనిట్ రెండు నిమిషాలు మౌనం పాటించి, భోజనాలు కానిచ్చి, సాయంత్రానికల్లా పాట పూర్తి చేసింది. హీరోయిన్ డేట్లు మళ్లీ దొరకవు మరి. మర్నాటి నుంచి నర్సింహ ఏ సెట్టుకూ వెళ్లలేదు. ఇళ్లలో వైరింగు పనులు చూసుకుంటున్నాడు.

ఏటా దసరా వెళ్లగానే, జనం గీజర్లు వేయకముందే, తనకు తెలిసిన ఇళ్లన్నీ ఒక చుట్టు చుట్టి వస్తాడు. ఎండాకాలమంతా మూలన పడి ఉన్న గీజర్ లోపల ఏమైందో ఎవరికీ తెలియదని అతని వాదన. ప్రతి బోర్డూ విప్పుతాడు, ప్రతి సాకెట్టూ చూస్తాడు. వేరేవాళ్లు గంటలో ముగించే పనికి పొద్దంతా తీసుకుంటాడు. నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను.

ఈసారి అతనింట్లో అందరికీ జ్వరాలు. దీపావళి దాటాక గానీ రాలేకపోయాడు. వస్తూనే వంటింటి వెనక పనివాళ్ల బాత్రూముకు వెళ్లాడు. వంటమనిషి ఎల్లమ్మ ఉండే గది అక్కడే. ఆ గీజర్ నీళ్లే వంటింటి సింకుకూ వస్తాయి. నల్లా పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఎల్లమ్మ వారం నుంచి మొత్తుకుంటోంది. చలికి అలాగే ఉంటుందిలే అని సార్ తేల్చేశారు. ఆయన ఇంజినీరింగు రెండో ఏడాదిలో మానేశారు. ఆ చదువు మాకు ఇలా ఉపయోగపడుతుంటుంది.

నర్సింహ నల్లాకు టెస్టర్ ఆనించాడు. దీపం వెలిగింది. నేరుగా మెయిన్ బోర్డు దగ్గరికి నడిచాడు. షాక్ కొట్టగానే కరెంటు ఆపేయాల్సిన స్విచ్చి అక్కడ ఉత్తుత్తిగా ఉంది. దాన్ని తప్పించి వైరు డైరెక్టుగా కలిపేశారు. అది మాటిమాటికీ పడిపోయి సార్ చూసే సినిమా ఆగిపోతోందని వేసవిలో ఎవడినో పిలిచి చేయించాం. పిలిచింది నేనే.

తర్వాత నర్సింహ ఎర్త్ గొయ్యి చూడడానికి పెరట్లోకి వెళ్లాడు. ఇంట్లో ఏ వస్తువులోంచి కరెంటు బయటికొచ్చినా మనిషి ఒంట్లోకి పోకుండా భూమిలోకి లాక్కుపోయేది ఆ గొయ్యే. ఉప్పూ బొగ్గూ వేసి అందులో రాగి పలక పాతింది తనే. ఇప్పుడక్కడ గొయ్యి లేదు, నున్నటి గ్రానైట్ ఉంది. గొయ్యేదని నన్నడిగాడు.

చెప్పడానికి నాకు సిగ్గేసింది. సార్ సినిమాలు వరసగా రెండు పోయాయి. రెండింట్లోనూ కథ లేదని సోడా బండివాడు కూడా చెప్పగలడు. సార్ మాత్రం వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన ఇల్లంతా తిరిగి, నైరుతిలో గొయ్యి ఉంటే యజమాని గోతిలో పడ్డట్టేనన్నాడు. మర్నాడే పలక పీకించి, కాంక్రీటు పోయించి, పైన రాయి పరిపించారు.

నర్సింహ తిట్టలేదు, తల పట్టుకోలేదు. గీజర్ బాగుచేసినా గొయ్యి లేని ఇంట్లో రేపు ఇంకోటి కొడుతుందని, పోనీ ఇంకో మూల తవ్వుదామన్నాడు. ఆ మాట చెవిన వేస్తే, సార్ అక్కడికక్కడే సిద్ధాంతికి ఫోన్ కలిపారు. ఈశాన్యంలో గొయ్యి ఉండొచ్చు గానీ అగ్ని ఉండకూడదట. కరెంటంటే అగ్నే కదా. ఆగ్నేయంలో అగ్ని ఉండొచ్చు గానీ గొయ్యి ఉండకూడదట. వాయవ్యంలో తవ్వితే కోర్టు కేసులట. హవ్వ, వెయ్యి గజాల కొంపలో మనిషి ప్రాణం నిలబెట్టడానికి మూడడుగుల జాగా దొరకలేదు. కుక్కగారికి మాత్రం ఏసీ గది దొరికింది.

నర్సింహ ఎల్లమ్మ గీజర్ వైరు ఊడదీసి, ఎవరూ కలపొద్దని చెప్పి వెళ్లాడు. సాయంత్రం సార్ నన్ను పిలిచారు. ఎల్లుండి కార్తీక వనభోజనాలకు అరవై మంది వస్తున్నారు, నేతి గిన్నెలు చన్నీళ్లతో కడుగుతారా, వేసవిలో వైరు డైరెక్టుగా కలిపినవాణ్ణే పిలిచి గీజర్ కలిపించమన్నారు. వనమంటే మా లాన్‌లో కుండీలో పెట్టిన ఉసిరి మొక్క. నేను తలూపి ఫోన్ చేశాను. చేశాక ఆలోచన మొదలైంది. ఎల్లమ్మకు ఏమైనా అయితే ఆ పాపం నా మెడకే చుట్టుకుంటుంది. వెంటనే నర్సింహకూ ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఆ రెండోవాడు గీజర్ కలిపి వెళ్లాడు. పది నిమిషాలకు నర్సింహ వచ్చాడు. వెనక బాత్రూములోకి ఒకసారి వెళ్లొచ్చి, వంటింట్లో సింకుకు అడ్డంగా నిలబడ్డాడు. గొయ్యి తవ్వేదాకా ఎల్లమ్మను ఆ నల్లా ముట్టనివ్వనన్నాడు. సార్ నైట్ డ్రస్సులోనే ఊగిపోతూ వచ్చారు. పోలీసులకు పట్టిస్తానన్నారు, జూబ్లీహిల్స్‌లో ఇంకో ఇంటి గడప తొక్కనివ్వనన్నారు, లైట్లు మోసుకునేవాడివి నాకు చెప్పేవాడివా అన్నారు. ఆ కేకలకు సార్ తల్లి అమ్మాజీగారు చేతికర్ర పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నన్నేమన్న అనుండ్రి సార్. గా నల్లా పట్టుకుంటే ఆమె సచ్చిపోతది" అన్నాడు నర్సింహ.

"వారం నుంచి పట్టుకుంటూనే ఉందిగా. చచ్చిందా?" అన్నారు సార్.

ఎల్లమ్మ వంటకు చేరిన ఈ పదకొండేళ్లలో ఆయనకు ఎదురు చెప్పగా నేను వినలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

"అట్లయితే మీరొక్కపారి పట్టుకోని సూపియ్యుండ్రి సార్. మీరు పట్టుకుంటే రేపటి సంది నేను నోరు మూసుకోని పట్టుకుంట."

సార్ నవ్వారు. ఇదేం పిచ్చి అన్నారు. నర్సింహ పక్కకు తప్పుకున్నాడు. అందరం చూస్తున్నాం, వెనక్కి వెళ్తే పరువు పోతుంది. సార్ సింకు దాకా వెళ్లి చెయ్యి చాపారు. నల్లాకు జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. కాసేపు అక్కడే గాల్లో ఉండి, నైట్ డ్రస్సు జేబులోకి వెళ్లిపోయింది. ఛీ, ఈ మనిషి కిందా నేను ఇన్నాళ్లు పనిచేసింది అనిపించింది.

అమ్మాజీగారు కొడుకు జేబు వైపే చూస్తున్నారు.

"అంటే నీకు తెలిసే, దానిచేత పట్టిస్తున్నావన్నమాట" అన్నారు. తర్వాత నర్సింహ వైపు తిరిగి, ముందు ఎక్కడుందో అక్కడే తవ్వమన్నారు. సిద్ధాంతితో తాను మాట్లాడుకుంటానన్నారు. సార్ మేడెక్కి పోయారు.

గ్రానైట్ పగలగొట్టడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. కాంక్రీటు కింద మట్టి తగిలేసరికి ఇద్దరికీ చెమటలు కారాయి. అలుపు తీర్చుకుంటూ, సార్ నిజంగానే నల్లా పట్టుకుని ఉంటే ఏం చేసేవాడివని అడిగాను. కసిగా ఏదో అంటాడనుకున్నాను.

"ఏమైతుండె సార్. నేను వచ్చీరాంగనే ఎనక గీజర్ స్విచ్చి బంద్ చేసిన. ఆయన చెయ్యి గూడ చెయ్యే కదా" అని నర్సింహ మళ్లీ గడ్డపార అందుకున్నాడు.