అరుగు మీద ముసలాయన

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కొత్తగా ఒక ఫంక్షన్ హాలు వెలిసింది. కరెంటు పోయినప్పుడల్లా వాళ్ళ జనరేటరు దగ్గుకుంటూ లేస్తుంది, డీజిలు పొగ మా వంటింటి కిటికీలోంచి తిన్నగా వచ్చి పులుసులో దిగుతుంది. చిన్నతనం అనగానే అందరికీ సన్నజాజులో, కొత్తావకాయో, తొలకరి తడిసిన మట్టో గుర్తొస్తాయట. నాకు మాత్రం డీజిలు పొగ గుర్తొస్తుంది. ఎవరి అదృష్టం వాళ్ళది.

నా చిన్నప్పుడు ఒక చలికాలం, యానాం దగ్గర దరియాలతిప్పలో మా ఇంటి ముందు ఒక సినిమా కంపెనీ జనరేటరు బండి వారాల తరబడి ఆగి ఉంది. అప్పటికి మాది పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు. ఆ అరుగు మీద కూర్చుంటే ఎదురుగా గోదావరి, దాని అవతల మడచెట్లు నల్లటి కాటుక గీతలా కనిపించేవి. పొద్దున్నే మంచులో ఎండుచేపల వాసన, మధ్యాహ్నం తంపటేసిన తేగల వాసన, వీటన్నిటి మీదా మూతేసినట్టు రోజంతా మా తాతయ్య చుట్ట వాసన. నాన్న వేటకి వెళ్ళడం మొదలెట్టాక తాతయ్య నీళ్ళ మీదికి పోవడం మానేసి, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, ఊళ్ళోవాళ్ళ చిరుగులన్నీ ఆ అరుగు మీదే కుట్టేవాడు. కంపెనీ వాళ్ళకి ఆ అరుగు నచ్చింది. చుట్టూ అన్ని ఊళ్ళుండగా యానామే ఎందుకంటే గోదావరి అందం చూసి వచ్చామని డైరెక్టరు చెప్పాడు. సాయంత్రమయ్యేసరికి లైటుబాయిలు ఏ సీసాల అందం కోసం ఊళ్ళోకి పరిగెత్తేవారో యానాం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ కంపెనీలో మూర్తి అని ఒక అసిస్టెంటు ఉండేవాడు. నిన్న తీసిన సీనులో ఏది ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండేలా చూడటం అతని ఉద్యోగం. నేను జిగురులా అంటుకుని తిరుగుతుంటే విసుగొచ్చి, ఒకరోజు స్క్రిప్టు తెరిచి మా ఇంటికి సంబంధించిన ముక్క చూపించాడు. కూడబలుక్కుని చదివాను. "అరుగు మీద ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ ఉంటాడు." పొద్దున హీరోయిన్ ఆ ఇంట్లోంచి వెళ్ళిపోతుంది, సాయంత్రం హీరో వెతుక్కుంటూ వస్తాడు, రెండుసార్లూ ఆ ముసలాయన అక్కడే ఉంటాడు. అంతే కథ.

అంత చిన్న వాక్యాన్ని పదిమంది పది రకాలుగా చదువుతారని అప్పుడే తెలిసింది. ప్రొడక్షన్ మేనేజరు "ముసలాయన" అన్నచోట ఆగి, ఊళ్ళోవాడే దొరికాడు, మద్రాసు నుంచి రైలు చార్జీ తప్పిందని చదువుకున్నాడు. ఆర్ట్ డైరెక్టరు "వల" దగ్గర ఆగాడు. ఇది పాతకాలం కథ, తాతయ్య నైలాన్ వల పనికిరాదని ఎక్కణ్ణించో నూలు వల తెచ్చిచ్చాడు. "సిరగని వలకి ఏం కుట్టమంటావయ్యా" అన్నాడు తాతయ్య. ఆయన ఆలోచించి, కత్తెరతో వలకి నాలుగు కన్నాలు పెట్టి, "ఇప్పుడు కుట్టండి" అన్నాడు. కెమెరామేన్‌కి వల, ముసలాయన ఏమీ అక్కర్లేదు, పొద్దున, సాయంత్రం అనే రెండు మాటలే ఆయన చదివేది. పగలెప్పుడో వెలుగు కుదిరితే దాన్నే సాయంత్రం చేసేస్తాడు. మేకప్ ఆయన తాతయ్యని గడ్డం గీసుకోవద్దన్నాడు. మూర్తి మటుకు తాతయ్య నోట్లో చుట్ట ఎంత మిగిలిందో వేళ్ళతో కొలిచి పేజీ అంచున రాసుకునేవాడు.

కాస్ట్యూమరు చదివేది రోజులు. కథలో ఒకటే రోజు కాబట్టి ఒకటే చొక్కా అన్నాడు. మా ట్రంకుపెట్టె తీయించి, నాన్న పెళ్ళికి తాతయ్య కుట్టించుకున్న గళ్ళ చొక్కా చూసి మురిసిపోయాడు. "ఇంత అందంగా వెలిసిన చొక్కా మద్రాసంతా తిరిగినా దొరకదండి" అన్నాడు. తాతయ్యకున్న ఒకే ఒక్క మంచి చొక్కా అది. పొద్దున సీను తీయగానే విప్పించి తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఏదైనా జరిగితే పని ఆగకూడదని, అలాంటి గుడ్డే తెప్పించి జత చొక్కా కుట్టించి, టీ డికాషన్‌లో నానబెట్టి పాతగా చేశాడు కూడా.

ఆ రోజుల్లో మా ఆటలన్నీ మారిపోయాయి. కర్రాబిళ్ళ అటకెక్కింది. కొబ్బరిచిప్ప కెమెరా, తాటిమట్ట మైకు, మా తమ్ముడు హీరో, నేను డైరెక్టరు. నేను "కట్" అంటే వాడు అన్నం తినడం కూడా ఆపేయాలి. తాతయ్య అరుగు మీంచి చూసి, "ఇది మొగుడికీ ఇలాగే సెబుద్ది" అని నవ్వేవాడు. ఆ మాటొకటి నిజమైంది.

పొద్దున సీను అయింది. సాయంత్రం సీనుకి హీరో రావాలి, అతను వారం దాటినా రాలేదు. స్క్రిప్టులో ఆ రెంటికీ మధ్య అరపేజీ దూరం. ఆ అరపేజీలోనే మా తాతయ్య, మధ్యాహ్నం చేపలపులుసుతో భోంచేసి అరుగు మీద నడుం వాల్చినవాడు, మళ్ళీ లేవలేదు.

కంపెనీ మర్యాదకి వంక పెట్టను. పెద్ద దండ తెచ్చారు, జనరేటరు ఆపేశారు. మర్నాడు మేనేజరు వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు.

"అప్పన్నగారూ, హీరోగారు రేపొస్తారండి, రాత్రికే వెళ్ళిపోతారు. ఉన్నది అరపేజీ. మాకు అరుగిస్తే చాలండి."

"అరుగు మీద ఆయన లేడు కదండి" అన్నాడు నాన్న.

"ఆయన్ని మేం తెచ్చుకుంటాంలెండి."

తెచ్చుకున్నారు. కనకాలపేటలో రిక్షా తొక్కే పెద్దాయన, అదే వంగిన వీపు, అంతే బక్కగా ఉన్నాడు. ఆ రోజు తాతయ్య పోయిన మూడోనాడు, చిన్నదినం. పోయినవాళ్ళకి ఇష్టమైన బట్ట చిన్నదినంనాడు గోదాట్లో వదిలితేనే మనిషి దారి పడతాడని, లేకపోతే గడప చుట్టూ తిరుగుతాడని మా మామ్మ నమ్మకం. చొక్కా ఏమో కాస్ట్యూమరు పెట్టెలో ఉంది. ముందు జత చొక్కా తొడిగి చూశారు. కెమెరామేన్ కన్ను పెట్టి, రంగు కలవట్లేదు, అసలుదే కావాలన్నాడు. మామ్మ తలుపు వెనకాల చాప మీద కూర్చుని ఉండగా తాతయ్య చొక్కా వేరే ఒంటి మీదికెక్కి, తాతయ్య చోట్లో కూర్చుని, వేలెడు చుట్ట నోట్లో పెట్టుకుంది.

షాటుకీ షాటుకీ మధ్య ఆ పెద్దాయన గుమ్మం దగ్గరికొచ్చాడు. "అమ్మా, నన్నేమీ అనుకోకు. కూకోమన్నారు, కూకున్నాను."

"కూకో నాయనా" అంది మామ్మ. "ఆయనా అంతే. కూకోమంటే కూకున్నాడు."

సీను అయిపోయింది. మామ్మ లేచి కాస్ట్యూమరు దగ్గరికెళ్ళింది. "ఆ సొక్కా ఇప్పించు బాబూ, పొద్దోతంది."

ఆ మనిషి చెడ్డవాడు కాదు, నొచ్చుకున్నాడు కూడా. తీసిన రీలు మద్రాసు వెళ్ళి, కడిగి, చూసి, బాగుందని కబురొచ్చేదాకా చొక్కా కదలకూడదన్నాడు. మళ్ళీ తీయాల్సొస్తే తన మెడకి చుట్టుకుంటుందట. "కబురు రాగానే నేనే పంపిస్తాను తల్లీ. ఈ పూటకి ఇది తీసుకోండి, అచ్చం అలాంటిదే" అని జత చొక్కా చేతిలో పెట్టాడు. కెమెరాని ఏమార్చలేని చొక్కా చచ్చినవాణ్ణి ఏమారుస్తుందని వాళ్ళ లెక్క.

మామ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "టీ వోసనొత్తంది."

"నీళ్ళలో పడ్డాక ఏ వాసనైనా ఒకటేనే అమ్మా, రా" అన్నాడు నాన్న.

గోదావరి పాటు మీదుంది, నీళ్ళు సముద్రం వైపు తీస్తున్నాయి. చొక్కా వెంటనే మునగలేదు. చేతులు చాపుకుని కొంతదూరం పోయింది. మామ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దానికి వినబడేలా, "అది నీది కాదయ్యా. నీది పంపుతామన్నారు. అందాకా ఆగు" అంది.

కంపెనీ వెళ్ళిపోయింది. కబురొచ్చిందో లేదో, చొక్కా మటుకు రాలేదు. ఆగమని చెప్పింది కాబట్టి ఆగి ఉంటాడని మామ్మ సాయంత్రాలు ఆ అరుగు మీద చెంబుడు నీళ్ళు పెట్టేది, దాని మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. పోస్టుమాన్ సైకిలు మా వీధిలోకి తిరిగితే చాలు, వంటలో ఉన్నా బయటికొచ్చేది. నాన్న ఎవరెవరినో అడిగాడు. ఆ కంపెనీయే మూతపడిందన్నారు.

సినిమా మటుకు వచ్చింది. ఊళ్ళో హాలుకి అందరం కట్టకట్టుకుని వెళ్ళాం. పొద్దున సీను వచ్చింది. హీరోయిన్ గుమ్మం దాటింది, దాటిన కాలు తిన్నగా పడవలో పడింది. మధ్యలో అరుగే లేదు. స్క్రిప్టు చివరగా చేరేది కత్తెర పట్టుకున్న ఎడిటరు దగ్గరికని మూర్తి ఎప్పుడో చెప్పాడు. ఆ చదివేవాడికి అరుగు మీద ముసలాయనంటే ఇన్ని అడుగుల ఫిల్ము, అంతే.

"మీ తాతేడే?" చీకట్లో మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వత్తాడు మామ్మా, ఉండు."

సాయంత్రం సీను మిగిలింది. తెర నిండా కనకాలపేట పెద్దాయన, ఒంటి మీద గళ్ళ చొక్కా. మామ్మ చాలాసేపు చూసింది. "ఇక్కడుందా సొక్కా" అంది. పోయేదాకా ఆ నీళ్ళ చెంబు పెట్టడం మాత్రం మానలేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, అరుగు లేదు, వలలు కుట్టే చేతులు అసలే లేవు. మొన్న మా తమ్ముడు ఆ స్థలంలో రెండంతస్తులు లేపి గృహప్రవేశం చేశాడు. హాల్లో పెద్దల ఫోటోలుండాలని వాడి పట్టుదల. తాతయ్యకి ఉన్న ఒక్క ఫోటో ఏనాడో వరదనీళ్ళలో తెల్లకాగితమైపోయింది. వాడు ఫోనులో ఆ సినిమా వెతికి పట్టుకుని, సాయంత్రం సీను దగ్గర ఆపి, బొమ్మ తీయించి, ఫ్రేము కట్టించి, గంధపుచెక్కల దండ వేశాడు.

"ఒరే, ఈయన తాత కాదురా" అన్నాను చెవిలో.

"చొక్కా తాతదే కదే అక్కా" అన్నాడు.

వచ్చినవాళ్ళంతా ఆ ఫోటో చూసి, మా తమ్ముణ్ణి చూసి, ముక్కు అచ్చం తాతదే అంటున్నారు. వాడు అవునంటున్నాడు.