మెడలో వేలాడిన మాట

పోయిన వారం మా మనవరాలు దివాను మీద బోర్లా పడుకుని, ఏదో ఇంగ్లీషు పరీక్షకని, మతం, విశ్వాసం, నీతి అనే శీర్షిక కింద ఫోనులో వచ్చే కష్టమైన మాటల్ని వేలితో ఒక్కొక్కటే పక్కకు తోస్తూ ఉంది. కర్నూలు బళ్లలో ముప్పయ్యేళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి, ఆ పిల్లకు బద్ధకం వేసినప్పుడల్లా నేనే నిఘంటువును. శాక్రిలెజ్ అంది, పవిత్రమైనదాన్ని మైలపరచడం అన్నాను. పెనెన్స్ అంది, ప్రాయశ్చిత్తం అన్నాను. తరవాత, "జేజీ, అపోస్టేట్ అంటే ఏమి? ఒక వాక్యం గూడా చెప్పు" అంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి వంటింట్లోకి లేచిపోయాను. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్లూ లేవు.

నా ఈడు వాళ్లు, అందులోనూ హాస్టళ్లలో పెరిగినవాళ్లు, ఈ మాటల్ని మేమెట్లా నేర్చుకున్నామో చెబితే ఆశ్చర్యపోరు. మాది బనగానపల్లె దగ్గర పల్లె, మామిడితోటలున్న ఇల్లు. ఇంగ్లీషు బాగా వస్తుందని నాన్న నన్ను కడప వైపు ఒక మిషన్ బడి హాస్టల్లో చేర్పించాడు. అక్కడి వార్డెనమ్మకొక పద్ధతి ఉండేది. ఏ పిల్ల తప్పు చేసినా ఆమె చెయ్యెత్తేది కాదు. ఆ తప్పుకు ఇంగ్లీషులో ఏ మాట ఉందో దాన్ని పలక మీద రాయించి, పురికొస కట్టి మెడలో వేలాడదీయించేది. పొద్దుటి ప్రార్థన నుంచి సాయంత్రం ప్రార్థన దాకా ఆ పలక తీయకూడదు, ఎదురుపడిన ప్రతి పిల్లా ఆగి ఆ మాటను పైకి చదివి పోవాలి. అబద్ధమాడినదానికి లయర్, ప్రార్థనలో కునికినదానికి స్లగ్గర్డ్, పైకొకటి లోపలొకటి పెట్టుకున్నదానికి హిపోక్రిట్. ఏడాది తిరిగేసరికి నీతికి సంబంధించిన ఇంగ్లీషంతా మాకు కంఠతా వచ్చేసింది. ఇప్పటికీ ఆ మాటల్లో ఏది చదివినా నాకు అర్థం కంటే ముందు ఒక పిల్ల మొహం కనబడుతుంది.

ఆ పలక మీద రాసేదాన్ని నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉండేదని వార్డెనమ్మ ఆ పని నాకప్పగించింది. మొదట్లో చెప్పిన మాట చెప్పినట్టు రాసేదాన్ని. పోనుపోను నాకూ సరదా పుట్టింది. ఆఫీసు గదిలో లావుపాటి నిఘంటువు ఉండేది, తీరికైనప్పుడల్లా దాని ముందు కూర్చుని, ఆమె చిన్న మాట చెబితే నేను దానికంటే పెద్దది, చదవడానికి నోరు తిరగనిది వెతికి చెప్పేదాన్ని. ఆమె మురిసిపోయేది. పిల్లలకు వార్డెనమ్మ కంటే నేనంటేనే భయం పట్టుకుంది, ఆ భయం నాకెంతో బాగుండేది. ఇప్పుడు మంచిదాన్నని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు గనక, ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

నా పక్క చాప మీద పడుకునే పిల్ల పత్తికొండ వైపుది. వాళ్ల తాతల నాటి నుంచీ చర్చికి పోయే కుటుంబం, తండ్రి కూలికి పోయేవాడు. పాస్టరయ్య రాసిచ్చిన ఉత్తరం మీద ఆ పిల్లకు హాస్టల్లో ఉచితంగా సీటు వచ్చింది. ఆ సీటుంటేనే చదువు, లేకపోతే టమోటా చేలే. ఒక శనివారం మా నాన్న అహోబిలం పోయి వస్తూ, నరసింహస్వామి ప్రసాదం, విస్తరాకులో కట్టిన పులిహోర, నాకిచ్చి పోయాడు. వంటశాల వెనక కూర్చుని సగం నేను తిని, సగం నా పక్క చాప పిల్లకు పెట్టాను. దేవుడి ముందర పెట్టింది వాళ్లు తినరని నాకు తెలుసు. ఆ పిల్లకు నేను చెప్పలేదు. వాళ్ల వాళ్లు తినని అన్నాన్ని అది తింటుంటే చూడాలని ఒక తుంటరి బుద్ధి పుట్టింది, అంతే. నేను చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయిన కాస్సేపట్లో వార్డెనమ్మ వచ్చి, పసుపు చేతులతో ఆకు ముందర ఉన్న ఆ పిల్లను పట్టుకుంది.

ఎవరిచ్చారని అడిగితే ఆ పిల్ల నోరు విప్పలేదు. ఆకులో ఉన్న తులసిదళాన్ని వార్డెనమ్మ చూసిందో లేదో నాకు తెలీదు గానీ, ఆమె ఆ రోజు అలసిపోయి ఉంది, తిండిపోతు అనే అర్థంలో గ్లటన్ అని రాయమని, బావి దగ్గర్నుంచి వచ్చిన నాతో చెప్పి లోపలికి తిరిగింది. అంతటితో పోయేది. మర్నాడు సాయంత్రానికి పలక దిగేది, పిల్లలు రెండురోజులు నవ్వి మరిచిపోయేవాళ్లు. కానీ ఆ పిల్ల ఏ క్షణాన నా పేరు చెబుతుందోనని నాకు భయం. దానికి తోడు వారం కిందటే నిఘంటువులో చూసిపెట్టుకున్న మాట ఒకటి వాడకుండా నాలిక మీద మూలుగుతోంది. ఆకులో తులసి చూపించి, అది గుడి ప్రసాదం టీచర్, దానికి అపోస్టేట్ అనే మాటుంది, నమ్మిన మతాన్ని విడిచిపెట్టినవాళ్లని అర్థం, అన్నాను. వార్డెనమ్మ నా వైపు చూసి, రాయమంది. అక్షరాలు సరిపోక పలక అంచు దాకా వచ్చాయి. చాలా అందంగా రాశాను.

మర్నాడు ఆదివారం. చర్చి గుమ్మం దగ్గర పాస్టరయ్య ఆ పలక చదివాడు. గ్లటనని ఉంటే నవ్వి తల మీద చెయ్యి పెట్టేవాడేమో, ఆయన మంచివాడే. కానీ అపోస్టేట్ అనేది ఆయన మతంలోని మాట, ఆయన దాన్ని ఆటగా తీసుకోలేకపోయాడు. తన ఉత్తరంతో వచ్చిన పిల్ల తన పరువు తీసిందనుకున్నాడు. పెద్దలు కూర్చుని ఎవరు పెట్టారని మళ్లీ అడిగారు. ఆ పిల్ల ఒక్కసారి, ఒక్కసారే, నా వైపు చూసి తల దించుకుంది. నేను పాటల పుస్తకంలో పేజీ వెతుక్కుంటున్నాను. సీటు తీసేశారు.

బుధవారం తండ్రి వచ్చాడు. కారణం పలక మీద ఉందని చెప్పి, వార్డెనమ్మ పిల్లనూ పలకనూ గేటు దగ్గరికి పంపించేసింది. ఆయనకు తెలుగే చదవడం రాదు. పలకను రెండు చేతులతో పట్టుకుని, గేటు పక్కన నిలబడిన నన్ను చూసి, తలకు చుట్టిన తువ్వాలు తీసి అడిగాడు.

"నీకు ఇంగ్లీషు శానా వస్తాదంట గదమ్మా, మా పాప చెప్తాండె. ఏమి రాసినారు తల్లీ దీంట్లో?"

నాకు తెలీదు అన్నాను. నా గుండ్రటి అక్షరాలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. ఆయన పలకను తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని, పిల్లను నడిపించుకుంటూ బస్సు దారి పట్టాడు. ఆ ఏడాది నీతి పదాల పరీక్షలో నాకు మొదటి బహుమతి వచ్చింది. పశ్చాత్తాపానికి ఇంగ్లీషు మాట ఇచ్చి వాక్యం రాయమంటే, చదివిన వార్డెనమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత గొప్పగా రాశాను.

ఆ పిల్లను మళ్లీ చూసింది రిటైరయ్యాక. పత్తికొండలో చుట్టాలింటికి పోతూ టమోటా మార్కెట్ దగ్గర ఆగితే, బుట్టల్లో మచ్చకాయలు ఏరుతున్న ఒకామె నన్ను పేరు పెట్టి పిలిచింది. కూర్చోమని బోర్లించిన బుట్ట చూపించింది. ముగ్గురు పిల్లలని, మొగుడు పోయాడని, మామూలు సంగతులన్నీ చెప్పి, చెయ్యి ఆపకుండానే అసలు మాటకొచ్చింది.

"పులిహోర తిన్న్యానంటే మా నాయన నమ్మలేదు. పిడికెడు అన్నానికి యాడన్నా బడి మానిపిస్తారా, ఏదో దొంగిలించినావు, అందుకే అంత పొడుగు మాట రాసినారు అన్యాడు. సచ్చేదాకా జొన్నల గాదె తాళం నా చేతికియ్యలేదు. ఇంతకీ ఏమా మాట?"

చెప్పాను. నమ్మకాన్ని విడిచిపెట్టినవాళ్లను అంటారు అన్నాను. ఆమె చెయ్యి ఆపి నవ్వింది.

"నేనా? ఆదివారం ఒక్కటి తప్పలేదు గదమ్మా నేను. రాసేటప్పుడు నీకు తెలుసునా అది?"

అప్పుడు మనం చిన్నపిల్లలం, ఏం తెలుస్తుంది అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది, అచ్చం చర్చిలో చూసినట్టే. ఎండెక్కుతాంది, పోయిరామ్మా, అని మళ్లీ బుట్ట వైపు తిరిగింది.

ఈ కాలం పిల్లలకు ఆ మాటలు ఎంత తేలిగ్గా వస్తున్నాయో చూస్తే నాకు అసూయగా ఉంటుంది. పలక లేదు, పురికొస లేదు, వేలితో తోస్తే ఇంకో మాట వస్తుంది, పోయిన మాట ఎవరికీ తగలదు. మేం వాటిని ఒకరి మెడలో ఒకరం చూసి నేర్చుకున్నాం కాబట్టి మాకవి ఊడిరావు. ఆ ఒక్క మాట నాకు రావడానికి ఇంకొక పిల్ల చదువంతా పోయింది.

ఆ రోజు వంటింటి గడపలో మనవరాలు వచ్చి నిలబడి, పొయ్యి వైపు చూసి, నా వైపు చూసి, ఏం జేజీ, ఆ మాట నీకు తెలీదా అని అడిగింది. తెలీదు అన్నాను. అది మూడోసారి.