జలాంతర్గామి చక్రం మీద నింద

న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్ శివార్లలోని ఒక పాత ఇనుము యార్డులో మా ఆవిడా నేనూ ఇద్దరం పనిచేస్తున్నాం. ఆవిడ గేటు దగ్గర కాటా ఆఫీసులో ఉంటుంది. నేను లోపల ఇత్తడి, రాగి, స్టీలు వేరుచేసే చోట ఉంటాను. ఇంట్లోనూ అంతే, కూర్చుని చెప్పేది ఆవిడ, మోసేది నేను.

ఆ వారం నేనొక దొంగపని చేశాను. నెల రోజులుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. డాక్టరు గుండెకు స్కాన్ రాశాడు. కారు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తున్నానని ఆవిడతో చెప్పి, మంగళవారం ఆ స్కాన్ చేయించుకొచ్చాను. వాళ్ల నాన్న గుండెపోటుతోనే పోయారు. ఈ మాట వింటే ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసే ధైర్యం నాకు లేదు. రిజల్టు వచ్చాక చూద్దాంలే అనుకున్నాను.

గురువారం పొద్దున ఒక కివీ పెద్దాయన ట్రక్కును గేటు బయట ఆపి, కంచు చక్రం ఒకటి దించాడు. పైపుల వాల్వు తిప్పే చక్రం, భోజనం పళ్లెమంత ఉంది. వయసులో ఉన్నప్పుడు అమెరికాలో, రిటైరైన అణు జలాంతర్గాములను కోసే యార్డులో పనిచేశాడట. ముందు ఇంధనం తీసేస్తారట. రియాక్టరున్న ముక్కను విడిగా కోసి, రెండు వైపులా మూతలు వెల్డింగు చేసి, దూరంగా పూడ్చిపెడతారట. మిగతాదంతా మామూలు ఓడలాగే తుక్కు. పరీక్షించి, శుభ్రమని తేల్చాకే ఈ చక్రం తనకిచ్చారట. అణుశక్తితో నడిచే ఓడను ఈ దేశం తన రేవుల్లోకి రానివ్వదు. చచ్చాక ముక్కగా వచ్చేసరికి ఎవరూ అడ్డుపడలేదు.

ఇంత మంచి అవకాశాన్ని నేను వదులుతానా? ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఫిజీ తెలుగు అంకుల్‌ను పిలిచి, దాన్ని ముట్టుకుంటే మీసాలు చీకట్లో వెలుగుతాయని చెప్పాను.

"నాకొద్దు బాబూ, మా ఆవిడకి లైటుంటే నిద్ర పట్టదు" అంటూ ఆయన పది అడుగులు వెనక్కి వేశాడు.

నేను దర్జాగా చక్రాన్ని ట్రాలీలో పెట్టుకుని గేటులోంచి తోశాను. అక్కడ రేడియేషన్ పసిగట్టే స్తంభాలు రెండున్నాయి. తుక్కు వచ్చే దారి అది, మేం రోజూ పక్క తలుపులోంచి వస్తాం. రెండూ ఒక్కసారిగా కుయ్యోమని మొత్తుకున్నాయి.

అంకుల్ ఏకంగా రోడ్డు మీద తేలాడు. పెద్దాయన శుభ్రమైనదేనని ఒట్లు వేస్తున్నాడు, నేను అనుమానంగా తల ఊపుతున్నాను. మా ఆవిడ చేతి మీటరు పట్టుకుని బయటికొచ్చింది. చక్రం చుట్టూ తిప్పింది. చప్పుడు లేదు. నావైపు తిప్పింది. టకటకలాడింది. ఛాతీ దగ్గరికి తెచ్చేసరికి చెవులు చిల్లులు పడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది. స్కాన్ కోసం ఎక్కించిన రేడియేషన్ మందు కొన్నాళ్లు ఒంట్లో ఉంటుందని, ఎక్కడైనా అలారం మోగితే చూపించమని నర్సు ఒక కార్డిచ్చింది. పర్సులోంచి దాన్ని తీయక తప్పలేదు. ఆవిడ చదివి మీటరు ఆపేసింది.

"గుండెకా?"

"ఊఁ. ఈ మందు రెండ్రోజుల్లో పోతుందిలే."

"మందు సంగతి అడిగానా?" ఆవిడ కళ్లనిండా నీళ్లు. "నేను ఏడుస్తాననేగా దాచారు? ఇదిగో, ఏడుస్తున్నా. కొంపేవైనా మునిగిందా?"

నాకు సిగ్గేసింది. పెద్దాయనకు క్షమాపణ చెప్పుకున్నాను. సోమవారం డాక్టరు ఫోన్ చేసినప్పుడు, హలో అని, ఫోను ఆవిడ చేతికిచ్చేశాను. ఆవిడ ముఖం చూస్తూ ఎదురుగా కూర్చున్నాను.