పళ్ళ మేస్త్రి లైవ్ ఆల్బములు

పళ్ళ మేస్త్రితో కొత్తగా పరిచయమైనవాళ్ళు ఒక సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. ఆయన "మనవాళ్ళు ఆ రోజు వానలో ఏం వాయించారండీ!" అంటూ కళ్ళు మూసుకున్నాడంటే, చుట్టాలింట్లో పెళ్ళి ముచ్చట చెబుతున్నాడనుకోకూడదు. మనవాళ్ళంటే ఒక రాక్ బ్యాండు. అందులో అయిదుగురు. ఆ అయిదుగురిలో ఒక్కరూ ఈయన మొహం చూసిన పాపాన పోలేదు. ఈయనా వాళ్ళని రికార్డు అట్టల మీద తప్ప చూడలేదు. అయినా డ్రమ్ములు వాయించే ఆయన మోకాలినొప్పి గురించి సొంత తమ్ముడికి వచ్చినంత దిగులుగా మాట్లాడతాడు.

పళ్ళ మేస్త్రి అన్నది వీధి పెట్టిన పేరు. పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రిలో, వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన పని. డాక్టరమ్మ ముందు గదిలో చిగుళ్ళ అచ్చు తీసి పంపిస్తుంది. ఈయన అందులో ప్లాస్టర్ పోసి, అది గట్టిపడ్డాక గులాబీరంగు మైనం పరిచి, పళ్ళు ఒక్కొక్కటే పేరుస్తాడు. మైనం మీది పళ్ళను మనిషి నోట్లో పెట్టి చూసి, అందరూ సరేననుకున్నాక, మైనం కరిగించి ఆ చోట ప్లాస్టిక్ నింపి ఉడికిస్తాడు. ఆ గదిలో ఒక కిటికీ, ఒక స్పిరిట్ దీపం, అర నిండా నోళ్ళు తెరుచుకున్న ప్లాస్టర్ దవడలు, ఆ దవడల మధ్య ఒక పాత ప్లేయరు. పొద్దున్న గది తలుపు తీయగానే దీపం కన్నా ముందు పాట పెడతాడు.

ఆ పాటలు మామూలు పాటలు కావు. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. పాట మొదలైంది కదా అని పొయ్యి మీద టీ పెడితే, టీ కాగి, తాగి, గ్లాసు కడిగి బోర్లించినా గాయకుడు ఇంకా నోరు తెరవడు. పోనీ తాళం వేద్దామంటే కాసేపు ఏడుకు తెగుతుంది, కాసేపు అయిదుకు తెగుతుంది, వేళ్ళు తికమకపడి ఊరుకుంటాయి. మేస్త్రి భార్య మాటల్లో చెప్పాలంటే, "గిన్నెలన్నీ మెట్ల మీంచి దొర్లుతుంటే పక్కన ఎవరో కూర్చుని ఏడుస్తున్నట్టుంటుంది." ఆ మాట ఆయన చెవిన వేసుకోడు. కాపురం అన్నాక కొన్ని మాటలు వేసుకోకూడదు కూడా.

స్టూడియోలో చేసిన ఆల్బములంటే ఆయనకు గౌరవమే గానీ ప్రేమ లేదు. "నెలల తరబడి కూర్చుని, తప్పు వచ్చిన చోటల్లా చెరిపేసి, మళ్ళీ వాయించి అతికిస్తారండీ. ఇస్త్రీ చేసిన చొక్కా అది. లోపల మనిషేడీ?" అంటాడు. మనిషి కావాలంటే, కచేరీ జరుగుతుండగా రికార్డు చేసిన లైవ్ ఆల్బములే వినాలి. మొదటి లైవ్‌లో ఎవరో ఒకతను మెల్లగా సాగే పాటంతా దగ్గుతూనే ఉంటాడు. "పాపం, ఎవరో ఏమో, తర్వాత డాక్టరుకి చూపించుకున్నాడో లేదో" అని మేస్త్రికి ఈనాటికీ బెంగ. రెండోది మూడు రికార్డుల పెట్టె. అందులో ఒక పక్కంతా డ్రమ్ములే. అది అతి అని ఆయనే ఒప్పుకుంటాడు. అభిమానినే గానీ చెవిటివాణ్ణి కాను కదా అంటాడు.

అన్నిటిలోకీ నెత్తిన పెట్టుకునేది వానలోది. ఆరుబయట వేదిక. సగంలో జల్లు అందుకుంది. ఆర్గన్‌లోకి నీళ్ళు పోయి ఒక మెట్టు నొక్కుకుపోయింది. ఇక అది ఆగకుండా ఒకటే స్వరం, దూరాన లారీ హారన్ ఇరుక్కుపోయినట్టు. ఇంకొకళ్ళయితే చేతులెత్తేసేవాళ్ళు. గిటారు వాయించే ఆయన రెండు నిమిషాలు ఆ మోత విని, తన పాటను నెమ్మదిగా ఆ స్వరం దగ్గరికి జరిపాడు. తక్కిన నలుగురూ ఆయన వెనకే జరిగారు. పాడైన మెట్టు పాటకి ఆధారమైపోయింది. ఆ చోటు వచ్చినప్పుడల్లా మేస్త్రి చేతిలో మైనం దిద్దే కత్తి ఆగిపోతుంది, కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఎన్నేళ్ళుగా వింటున్నా అంతే.

ఇక నాలుగోది. దాని పేరెత్తితేనే మేస్త్రి మొహం చిట్లిస్తాడు. ఆ ఏడు గాయకుడికి గొంతు చెడింది. కచేరీ అంతా అయ్యాక స్టూడియోకి వెళ్ళి, చెడిన చోటల్లా మళ్ళీ పాడి అతికించారు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఆ ముక్క వేశారు కూడా. మేస్త్రి దాన్ని దొంగ లైవ్ అని పిలిచి, అరలో అన్నిటికన్నా వెనక్కి తోసేశాడు.

ఈ ప్రేమ ఆయన పనిలోకి కూడా పాకింది. పళ్ళు తీరుగా పేరిస్తే అవి కట్టుడు పళ్ళని వీధి చివరి నుంచే తెలిసిపోతుందని ఆయన సిద్ధాంతం. అందుకని ఇంటివాళ్ళను పాత ఫొటో ఒకటి తెమ్మంటాడు. అందులో చూసి ఒక పన్ను రవ్వంత వంచుతాడు, పళ్ళ మధ్య వెనకటి సందు ఉంచుతాడు. ఆ పళ్ళు పెట్టుకుని మనిషి ఇంటికి వెళ్తే భార్యలూ కూతుళ్ళూ కళ్ళనీళ్ళు పెట్టుకుని "అచ్చం వెనకటి మనిషే!" అంటారు. చాలా దూరం నుంచి వెతుక్కుంటూ వస్తారు. డాక్టరమ్మ కూడా ఆ చెయ్యి తన అదృష్టమంటుంది. నిజమే, అంత మంచి పనివాడు దొరకడం కష్టం.

మనవాళ్ళ గురించి మేస్త్రికి సరిజోడుగా మాట్లాడగలిగినవాడు ఒక్కడే, ఆయన వియ్యంకుడు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అచ్చుతప్పు కనబడితే ఎదుటివాళ్ళ కరపత్రమైనా సరే, జేబులోంచి ఎర్రపెన్ను తీస్తాడు. పిల్లల పెళ్ళి మాటలకు వచ్చిన రోజున గదిలో రికార్డు చూసి, "మీరూ వీళ్ళని వింటారా? స్టూడియోలో చేసినవి వినాలి గానీ లైవ్ ఏమిటండీ, చిత్తుకాగితం!" అన్నాడు. అంతే, ఇద్దరూ పెళ్ళి సంగతి మరిచిపోయి పోట్లాటకు దిగారు. సంబంధం ఖాయం చేసింది లోపల కూర్చున్న ఆడవాళ్ళిద్దరే. అప్పటి నుంచి ప్రతి ఆదివారం బావగారు రావడం, ఒక ఆల్బం పెట్టుకుని భోజనాల వేళ దాకా వాదించుకోవడం. మేస్త్రికి వారమంతా ఒక ఎత్తు, ఆ పూట ఒక ఎత్తు.

అలాంటిది ఆ ఏడు చిగుళ్ళ జబ్బు వచ్చి బావగారి పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చింది. ఆదివారాలు ఆగిపోయాయి.

"మావయ్యగారు గది దాటి రావట్లేదు నాన్నా" అంది కూతురు. "మాట్లాడితే గాలి పోతోందని అసలు నోరే విప్పట్లేదు. అత్తయ్య పక్కన కూర్చుని పలకరించినా తల ఊపడమే."

మేస్త్రి చేతిలో పని పక్కన పెట్టేశాడు. తనతో వాదించే ఒక్క నోరూ మూతబడిపోతే ఎలా? ఆ నోరు తెరిపించే పని మళ్ళీ తన చేతిలోనే ఉంది. జన్మలో ఇంత మంచి పళ్ళు చేయలేదనిపించుకోవాలనుకున్నాడు. ఎప్పటిలాగే ఫొటో అడిగాడు. కూతురు ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ వెతికితే, బావగారు నోరు తెరిచి ఉన్నది ఒక్కటే దొరికింది. ఎవరో చెప్పకుండా తీసింది. అందులో ఎడమ కోరపన్ను పక్కపన్ను మీదకి ఎక్కి కూర్చుని ఉంది. అన్ని ఫొటోల్లో ఒక్కటే ఎందుకు దొరికిందని మేస్త్రి ఆలోచించలేదు.

ఆ ఫొటో చేతికి అందేలోగా మేస్త్రి మైనం మీద పళ్ళు తిన్నగానే పేర్చాడు, డాక్టరమ్మ వాటిని పెట్టి చూపించింది. బావగారు అద్దంలో చాలాసేపు చూసుకుని తల ఊపాడు. మర్నాడు మేస్త్రి ఫొటో ముందు పెట్టుకుని ఒక్కడే గదిలో ఉండగా వాన ఆల్బం ఆ చోటుకి వచ్చింది. ఆయన చేతిలో కత్తి ఆగింది. తర్వాత దాన్ని దీపం మీద కాచి, మైనం మెత్తబరిచి, ఎడమ కోరపన్నును పక్కదాని మీదకి ఎక్కించాడు. అడిగితే మొహమాటానికి వద్దంటారు, చూశాక మెచ్చుకుంటారని ఆయన నమ్మకం. పళ్ళు ఉడికించి, మెరుగుపెట్టి, డాక్టరమ్మకి చెప్పకుండానే పెట్టెలో పెట్టాడు.

బావగారు ఆసుపత్రి ముందు గదిలో కుర్చీలో కూర్చుని పళ్ళు పెట్టుకున్నాడు. అద్దం అందుకున్నాడు. మొహం పాలిపోయింది.

"ఈ పన్ను ఎందుకు పెట్టారు?" అన్నాడు. ఎన్నో వారాల తర్వాత ఆయన మాట్లాడిన మొదటి మాట, ఒక్క అక్షరం కూడా జారకుండా వచ్చింది.

"అది మీ పన్నే బావగారూ! పాత ఫొటో చూసి..."

"నాదని నాకు తెలీదా? బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. అందరికీ కోరపన్నుగాణ్ణే. నవ్వొచ్చినప్పుడల్లా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునే బతికాను. పళ్ళు తీయించుకుంటే అందరూ ఏడుస్తారు. నేను ఇది పోయినందుకు సంతోషించానండీ." అద్దం బోర్లించాడు. "మీకు తప్పులంటే ముద్దు. వినేవాళ్ళకి ముద్దుగానే ఉంటుంది. చేసినవాణ్ణి అడిగారా ఎప్పుడైనా? నా నోరు మీ లైవ్ ఆల్బం కాదు బావగారూ."

పళ్ళు తీసి పళ్ళెంలో పెట్టి, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఆయన ఒప్పుకున్న పళ్ళు ఒకటి, మీరు చేసినవి ఇంకొకటి" అంది డాక్టరమ్మ. "ఎంత మంచి చెయ్యి అయినా, నోరు వాళ్ళది మేస్త్రీ."

వెనక గదికి వెళ్ళి మేస్త్రి ఆ రోజు పాట పెట్టలేదు. ఇన్నేళ్ళుగా తను వంచిన పళ్ళన్నీ కళ్ళ ముందు కదిలాయి. ఫొటోలు తెచ్చింది ఇంటివాళ్ళు. కళ్ళనీళ్ళు పెట్టుకుందీ ఇంటివాళ్ళే. ఆ పళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఏమన్నారో గుర్తు చేసుకుందామంటే ఒక్కరి మాటా గుర్తుకు రాలేదు. ఆయనకు సిగ్గేసింది.

మర్నాడు అర వెనక చెయ్యి పెట్టి దొంగ లైవ్ బయటికి తీశాడు. మొదటిసారి తిట్టుకోకుండా విన్నాడు. అతుకులు ఇప్పటికీ తెలుస్తూనే ఉన్నాయి. కానీ ఈసారి ఆయనకు ఆ గాయకుడు కనిపించాడు. తన చెడిన గొంతు తనే మళ్ళీ మళ్ళీ వినాల్సి వచ్చి, ఇది ఊరంతా వినకూడదని స్టూడియో తలుపు తట్టిన మనిషి. పైగా ఆ సంగతి దాచకుండా అట్ట మీద వేయించుకున్నాడు. దొంగ ఎవడయ్యా అందులో? మేస్త్రి దాన్ని తుడిచి, వాన ఆల్బం పక్కనే పెట్టాడు. వాన ఆల్బమే గొప్పదన్న మాట మాత్రం వదులుకోలేదు, వదులుకోడు కూడా.

మళ్ళీ మైనం పరిచి పళ్ళు పేర్చాడు. డాక్టరమ్మను వెంటబెట్టుకుని బావగారింటికి తనే వెళ్ళాడు. గది తలుపు దగ్గర నిలబడి, "తప్పు నాది బావగారూ. ఈసారి ప్రూఫు మీరే దిద్దండి" అన్నాడు.

బావగారు లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. డాక్టరమ్మ పళ్ళు నోట్లో పెట్టింది. అద్దం చూసుకుంటూ పెన్ను వెనక కొసతో చూపించాడు. ఇది రవ్వంత లోపలికి. ఇది కొంచెం పొట్టి. మేస్త్రి కత్తి కాచి, ఏది చెబితే అది చేశాడు. కోరపన్ను తిన్నగా నిలబెడుతుంటే చెయ్యి దాన్ని వంచాలని లాగుతూనే ఉంది. పళ్ళు బిగబట్టి నిలబెట్టాడు. వాళ్ళిద్దరూ ఆ ఇంట్లోంచి కదలకముందే బావగారు చూసి, తల ఊపడం కాదు, దిద్దిన ప్రూఫు అచ్చుకి పంపినట్టు "ఊఁ, వేయండి" అన్నాడు.

పళ్ళు తయారయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఇరుకుటుంబాలూ మేస్త్రి ఇంట్లో చేరాయి. మనవాళ్ళ పాత కచేరీ ఒకటి కొత్తగా బయటికి వచ్చిందని అల్లుడు తెచ్చిపెట్టాడు. మేస్త్రి భయం భయంగానే పెట్టాడు. బావగారు వస్తూనే కుర్చీలో కూర్చుని, మొహం గంటు పెట్టుకుని వినసాగాడు. మూడో పాట దగ్గర ఘోరం జరిగింది. ఆర్గన్ ఆయన ఒక పాట ఎత్తుకున్నాడు, గిటారు ఆయన ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఇద్దరూ తగ్గలేదు. గదిలో రెండు పాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"దీన్నేమంటారు?" అన్నాడు బావగారు. "దీన్ని కూడా మెచ్చుకుంటారా?"

భయం ఎంతున్నా మేస్త్రిని అభిమానం ఊరుకోనివ్వదు కదా. "మెచ్చుకోక? ఒక్క టిక్కెట్టుకి రెండు పాటలు! మీ స్టూడియోవాళ్ళు ఇస్తారా బావగారూ?"

బావగారు పకపకా నవ్వేశాడు. అలవాటు కొద్దీ చెయ్యి మూతి దాకా లేచింది, సగంలో ఆగింది, మళ్ళీ ఒళ్ళోకి దిగిపోయింది. తల వెనక్కి వాల్చి, నోరారా నవ్వాడు. తెల్లగా, తీరుగా, ఒక్కటీ వంకర లేని పళ్ళు. మేస్త్రి చేసిన వాటిలో అంత చప్పటివి ఇంకెక్కడా లేవు.

వంటగది గుమ్మంలో బావగారి భార్య చేతిలో గిన్నెతో నిలబడిపోయింది. వెనకే వచ్చిన మేస్త్రి భార్య ఆవిడ భుజం పట్టుకుంది.

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది వదినా" అంది బావగారి భార్య నెమ్మదిగా. "నవ్వితే ఈయన బుగ్గన సొట్ట పడుతుందని నాకు తెలీదు."