అట్రాక్టా బాణీలో మూడో భాగం

పోస్టర్ల మీద మాది కెల్టిక్ బృందం, అంటే పాత ఐరిష్ బాణీలు వాయించేవాళ్ళం. ఆకుపచ్చ అక్షరాలు, వెనకాల పొగమంచు, ఆ మంచులో మా ఊళ్ళో ఎవరూ ఏనాడూ చూడని ఒక కోట. ఊళ్ళో మాత్రం మమ్మల్ని "అట్రాక్టా వాళ్ళు" అంటారు. అట్రాక్టా గిల్‌మార్టిన్‌ది వేణువు. ఇద్దరు ఫిడేలు వాళ్ళున్నారు. నాది మేకతోలు డప్పు. ఐర్లండులో స్లైగో కొండల కింద ఉన్న మా నాక్‌బ్రాక్‌లో డప్పు వాయించేవాడికి ఏపాటి మర్యాద దక్కుతుందో నన్ను అడగకండి. వ్యాను నాది కాబట్టి నన్ను ఉంచుకున్నారు.

అట్రాక్టా ముప్ఫై రెండేళ్ళు మా ఊరికి ఉత్తరాలు పంచింది. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఎవరికి ఆస్పత్రి నుంచి కవరు వచ్చిందో అన్నీ తెలిసినా నోరు విప్పేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. తనూ, తమ్ముడు మాలకీ, పదకొండు ఆవులూ. వేణువు కూడా మాలకీదే. తమ్ముడు చనిపోయిన ఏడు చలికాలమంతా వంటింట్లో కూర్చుని ఆవిడ నెమ్మదిగా నడిచే ఒక బాణీ కట్టింది. అందులో మూడు భాగాలున్నాయి.

"మొదటి రెండూ నా ఏడుపేరా ఎన్డా," అంది నాతో. "మూడోదాంట్లో వాడున్నాడు. ఎవరికీ చెప్పకు. మనూరి వాళ్ళు విని వాళ్ళంతట వాళ్ళే గుర్తుపట్టాలి."

మూడో భాగం దాకా రానిస్తే కదా.

మా చుట్టుపక్కల ఎక్కడ ఏ వేడుక జరిగినా మైకు ఫొన్సీ డర్కన్ చేతిలో ఉండేది. పెద్దమనిషి, ఎవరికీ చెడు తలపెట్టేవాడు కాదు. లక్కీడిప్ తీసేదాకా జనం ఇళ్ళకు పోకుండా దేవుడు సంగీతాన్ని సృష్టించాడని ఆయన నమ్మకం. అట్రాక్టా బాణీలో రెండో భాగానికీ మూడోదానికీ మధ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకునేంత ఖాళీ ఉంది. ఫొన్సీ లెక్కలో ఖాళీ అంటే ప్రకటన పెట్టుకునే చోటు.

మొదటిసారి ఊరి ఆటల పండగలో, ట్రాక్టరు ట్రైలరు మీద నిలబడి వాయించింది. రెండో భాగం అయింది. ఊపిరి తీసుకుంది.

"అద్భుతం అట్రాక్టా, అక్కడే ఉండు తల్లీ. గేటుకి అడ్డంగా వెండిరంగు కారు పెట్టినవాళ్ళు కాస్త తీయండి. గొర్రెలు దిగాలి."

గొర్రెలు దిగేసరికి ట్రైలరు మీదకి డాన్సు పిల్లలు ఎక్కేశారు. మరుసటి ఏడు సరిగ్గా అక్కడే లక్కీడిప్ తీశారు. బహుమతి పంది తొడ వరసగా మూడోసారి మా చర్చి ఫాదరుకే తగిలింది. దైవసంకల్పం అన్నారు గానీ చీటీలు తీసిన చెయ్యి కూడా ఫాదరుదే. ఆ తర్వాత ఏడు ఊరి హాలుకి కొత్త మరుగుదొడ్లు కట్టారు. రెండో భాగం కాగానే కౌన్సిలరు రిబ్బను కత్తిరించి, ఐర్లండు చరిత్ర మొత్తం మరుగుదొడ్ల దాకా తెచ్చి ముగించేసరికి మా ఫిడేలు వాళ్ళు టీలు తాగి ఇళ్ళకు పోయారు.

ఒకసారి ఆవిడే అడిగింది. "ఫొన్సీ, దానికి ఇంకో భాగం ఉంది."

"ఉంటుందమ్మా, ఎక్కడికి పోతుంది? కొంచెం రుచి చూపించి ఆపాలి. మొత్తం వడ్డిస్తే లక్కీడిప్‌కి ఎవడుంటాడు?"

ఒక వేసవిలో ఫ్రాన్సులోని బ్రిటనీలో పెద్ద కెల్టిక్ ఉత్సవానికి పిలిచారు. వేలమంది జనం. దగ్గినవాడు లేడు. మొహం మీద నీలిరంగు సుడులు గీసుకున్న ఒకావిడ మొదటి భాగంలోనే తన పూర్వజన్మ కనిపించిందని కళ్ళు తుడుచుకుంది. అట్రాక్టా రెండో భాగం దగ్గర తనే ఆపేసి గెంతే పాట ఎత్తుకుంది.

"ఇక్కడ ఫొన్సీ లేడు కదా, పూర్తి చెయ్యొచ్చుగా?" అన్నాను తర్వాత.

"వీళ్ళకి మాలకీ తెలుసేంట్రా?"

అలా పదమూడేళ్ళు గడిచాయి. మొన్న ఫిబ్రవరిలో ఫొన్సీ పోయాడు. వినగానే నాకు అట్రాక్టా బాణీయే గుర్తొచ్చింది. సిగ్గుపడ్డాను కూడా. ఆయన భార్య కన్సెప్టా స్వయంగా వచ్చి చర్చిలో వాయించమని అడిగింది.

"ఆయనకి నీ బాణీ అంటే ప్రాణం."

"సగమేగా విన్నాడు," అంది అట్రాక్టా.

"సగానికే అంత ఇష్టం మరి."

చర్చి నిండిపోయింది. పోయినవాళ్ళ గుర్తుగా వాళ్ళ వస్తువులు తెచ్చి పెట్టడం మా ఆనవాయితీ. ఫొన్సీ శవపేటిక మీద మైకు, లక్కీడిప్ చీటీల పుస్తకం పెట్టారు. అట్రాక్టా లేచి మొదలుపెట్టింది. మొదటి భాగం, రెండో భాగం. ఊపిరి తీసుకుంది.

జనమంతా సర్దుకుని కూర్చున్నారు. చేతులు వాటంతటవే జేబుల్లోకి పోయాయి, కొందరివి చీటీల కోసం, కొందరివి కారు తాళాల కోసం. ప్రకటన మాత్రం రాలేదు. వేణువు పెదాల దగ్గరే ఉంది, వేళ్ళు కదలడం లేదు. పదమూడేళ్ళుగా అక్కడ ఆగడం అలవాటైన చేతులవి. ఆవిడ మైకు వంక చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు ముందు వరసలోంచి కన్సెప్టా, తల తిప్పకుండా, తాపీగా అంది. "గేటుకి అడ్డంగా వెండిరంగు కారు పెట్టినవాళ్ళు కాస్త తీయండి."

చర్చి మొత్తం నవ్వింది, ఫాదరుతో సహా. ఇద్దరు నిజంగానే లేచి బయటికి వెళ్ళారు. ఆ నవ్వు ఇంకా సాగుతుండగానే అట్రాక్టా మూడో భాగం ఎత్తుకుంది. అది ఏడుపు బాణీ కాదు. తీరిగ్గా నడుస్తుంది, ముగిసినట్టే ముగిసి మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. నేను కళ్ళు తుడుచుకోవడానికి డప్పు అడ్డం పెట్టుకున్నాను. దానివల్ల ఎవరికైనా ఉపయోగం కలగడం అదే మొదలు.

బయట వాన పడుతోంది. అట్రాక్టా మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తోంది. అందరూ బాగుందంటూ దాటిపోతున్నారు. చివరికి వాళ్ళ పక్క పొలం జార్లత్ ఫీనీ వచ్చాడు, ఏ పనిలోనైనా వంక దొరికేదాకా వదలని మనిషి.

"బాగుంది గానీ, చివర కొత్తగా ఏదో అతికించావు. పాతదే నయం, చక్కగా కారు దగ్గర ఆగేది."

ఆవిడ వేణువు కోటు జేబులో పెట్టుకోబోయింది.

"అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదలు, అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదలు. మీ మాలకీ మా గేటు పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. వెళ్ళొస్తా వెళ్ళొస్తా అంటూ గంటసేపు. లోపల నా టీ చల్లారిపోయేది."

అట్రాక్టా ఆయన కోటు చెయ్యి పట్టుకుంది. "ఇంకోసారి చెప్పు జార్లత్."

"ఏంటి?"

"ఆ గేటు దగ్గరది."

ఆయన విసుక్కుంటూనే మొదటినుంచీ ఎత్తుకున్నాడు. శవాన్ని తీసుకెళ్ళే బండికి ఏదో వ్యాను అడ్డంగా ఉందని చర్చి గేటు దగ్గర ఎవరో కేకలేస్తున్నారు. ఆ వ్యాను నాదే. జార్లత్ చెప్పడం పూర్తయ్యేదాకా నేను కదల్లేదు.