తడి తువ్వాలు

పేటలో అందరూ ఆమెను పిడులపిన్ని అనేవాళ్లు. పెనాలకు, గరిటెలకు, కొలిమి కడ్డీలకు చెక్క పిడులు బిగించడం ఆమె పని. ఎవరైనా తళతళలాడే ఇనప పిడి కావాలని ముచ్చటపడితే ఆమెకు ఒళ్లు మండేది.

“దాంతో పాలు కాచి దించు, తెలుస్తుంది. ఇనుము కడుపులో ఏదీ దాగదు. ఈ చివర వేడి తగిలితే ఆ చివరకు మోసేస్తుంది. చెక్క బద్ధకస్తురాలు. ఆ బద్ధకమే నీ చేతికి రక్ష” అనేది.

కొలిమి మాత్రం ఆమె అన్న సొంతం. కోపం వస్తే అతను మనిషి కాడు. ఒకసారి సుత్తి విసిరి పనివాడి పళ్లు రాలగొట్టాడు. ఇంకోసారి పిడి వదులైందని చెల్లెలి ఎడమ చూపుడువేలిని, ఇనుమును బిగించి పట్టే బల్ల మీది వైస్‌లో ఇరికించి, ఎముక పటుక్కుమనేదాకా మర తిప్పాడు. వేలు వంకరగా అతుక్కుంది. తోడబుట్టినవాడని ఆమె ఊరుకుంది. ఊరుకోవడం మంచితనమని ఎవరు చెప్పారో గానీ, వాళ్ల వేలు ఎవరూ విరిచి ఉండరు.

ఇక మిగిలింది కుడిచెయ్యి. అదీ పోకముందే బయటపడాలనుకుంది. ఒక పొద్దున అతను ముఖం కడుక్కుని, తడి తువ్వాలు భుజాన వేసుకుని రాగానే చెప్పేసింది.

“విడిగా కొట్టు పెట్టుకుంటాను, అన్నయ్యా.”

“నా కొలిమి లేకుండా నీ పిడులు ఎవడి నెత్తిన కొడతావే?”

“ఎవరి నెత్తినా కొట్టను. నా బతుకు నేను బతుకుతా.”

“ఏ చేత్తో బతుకుతావో నేనూ చూస్తా.”

కొలిమిలో ఒక కడ్డీ కాలుతోంది. కొస ఎర్రబడ్డాక చెక్కలోకి దిగ్గొడితే పిడి గట్టిగా పడుతుందని ఆమే పెట్టింది. బయటికున్న చివర నల్లగా, అమాయకంగా కనబడుతుంది గానీ చెయ్యి ఊడిపోయేంత వేడి. పట్టుకోవడానికి మడతలు పెట్టి కుట్టిన పొడిగుడ్డ పక్కనే మేకుకు వేలాడుతోంది. కోపంలో అతను భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని కడ్డీ లాగాడు.

పొడిగుడ్డ మడతల్లో గాలి ఉంటుంది, వేడిని అడ్డుకుంటుంది. తడిగుడ్డలో ఆ చోటంతా నీళ్లదే. నీళ్లు వేడిని గబగబా చేతికి అందిస్తాయి, పైగా ఆవిరై పొక్కిస్తాయి. ఈ సంగతి వాళ్ల నాన్న చిన్నప్పుడే ఇద్దరికీ చెప్పాడు. గుర్తున్నది చెల్లెలికే.

“తడిగుడ్డ! వదిలెయ్, కాలిపోతావ్!” అని అరిచింది.

బతిమాలుతోందనుకుని అతను నవ్వాడు. ఆమె కుడిచేతిని బల్లకేసి అదిమి, ఎర్రటి కొసను అరచేతి మీదికి దించసాగాడు. సెగకు ఆమె చర్మం బిగుసుకుంది. సరిగ్గా అప్పుడు తువ్వాలు బుస్సుమంది.

అతని కేక వీధి దాకా వినిపించింది. వదిలేద్దామంటే తువ్వాలు చేతికి చుట్టుకుని ఉంది. నొప్పికి పిడికిలి మరింత బిగిసింది. కడ్డీ ఊగుతూ ఆమె మొహం మీదికి వచ్చింది. వంకర వేలున్న చేత్తోనే ఆమె బల్ల మీది కొత్త పిడి అందుకుని అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగింది. రెండో దెబ్బకు కడ్డీ నేల మీద పడింది. మూడోది అక్కర్లేదు. అయినా కొట్టింది.

తరవాత తువ్వాలు విప్పితే దాంతోపాటు అరచేతి తోలు ఊడి వచ్చింది. ఆమెకు జాలి వేసింది. ఆ జాలి మీద కోపమూ వచ్చింది.

కొన్ని నెలలకు ఆమె కొత్త కొట్టుకు అన్న వచ్చాడు. అతని రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు, సుత్తి జారిపోతోంది.

“లావుపాటి పిడి కావాలి” అన్నాడు నేల చూస్తూ.

పిడి కొలతకు చెయ్యి పట్టుకుని చూడడం ఆమె అలవాటు. పట్టుకోలేదు. లోపల భయం ఇంకా అలాగే ఉంది. కొలతదారం తీసి తన బల్ల మీది వైస్ పక్కన నిలబడింది.

“చెయ్యి బల్ల మీద పెట్టు” అంది.

అతను వైస్ వైపు చూశాడు. ఆమె వంకర వేలి వైపు చూశాడు. వైస్‌కు దూరంగా, బల్ల అంచున చెయ్యి పెట్టాడు.