సైకిలుకు నంబర్ ప్లేటు

ఒక సైకిలు వల్ల మా బామ్మర్ది కాపురం కూలిపోబోయింది. ఆ సైకిలు నాది. కూల్చబోయినవాణ్ని కూడా నేనే. ఇంత చెప్పాక నన్ను దుర్మార్గుడనుకుంటారు గానీ, కాస్త ఆగండి. మొత్తం విన్నాక ఆ మాట వెనక్కి తీసుకుని, నాకు సరిపోయే మాట మీరే ఇంకోటి వెతుక్కుంటారు.

మేం ఉండేది సూరత్‌లో, కోసాడ్ కాలనీలో. అమ్రోలి దాటి కతర్‌గామ్‌లో ఒక మరమగ్గాల కార్ఖానాలో నేను మాస్టర్ని. అంటే మగ్గం ఆగితే అందరూ నావైపు చూస్తారు, నేను మగ్గం వైపు చూస్తాను. నాకొక పాత స్కూటరు ఉండేది. దాన్ని నా భార్య తమ్ముడు శ్రీనుకు అమ్మేశాను. వాడు పాండేసరలో అద్దకం మిల్లులో పనిచేస్తాడు. అమ్మేముందు దానికి సర్కారువారి కొత్తరకం నంబర్ ప్లేట్లు వేయించి, కాగితాలన్నీ వాడి పేరుకు మార్పించాను. పాత ప్లేటు మా అటక మీద ఉండిపోయింది.

తర్వాత నేనొక కరెంటు సైకిలు కొన్నాను. తొక్కితే తొక్కొచ్చు, అలిసిపోతే మోటారు లాగుతుంది. దుకాణంవాడు గర్వంగా చెప్పాడు: "లైసెన్స్ వద్దు, పాసింగ్ వద్దు, ఇన్సూరెన్స్ వద్దు. ఇరవై అయిదు స్పీడు దాటదు, మోటారు రెండొందల యాభై వాట్లే." పాసింగ్ అంటే ఇక్కడ రిజిస్ట్రేషన్.

ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. ఏదీ అక్కర్లేదని సర్కారు అన్నదంటే అందులో ఏదో మెలిక ఉండకపోదు కదా! మర్నాడే సెలవు పెట్టి ఆర్టీవో ఆఫీసుకు పోయి కిటికీ ముందు నిలబడ్డాను. గుమాస్తా బయటికొచ్చి సైకిలు చూశాడు. లోపలికి పోయి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చాడు. ముగ్గురూ చుట్టూ తిరిగి చూశారు.

"కాకా, ఆ తో సైకల్ ఛే!" అన్నాడు చివరికి. ఇది సైకిలే కదా అని.

"మోటారు ఉంది కదా?" అన్నాను.

"మా ఇంట్లో మిక్సీకి కూడా ఉంది. దానికీ పాసింగ్ చేయించమంటారా?"

అక్కణ్నుంచి ఇన్సూరెన్స్ ఏజెంటు మల్లేశం దగ్గరికి వెళ్ళాను. మనవాడే, కరీంనగర్ వైపువాడు.

"నంబర్ లేకపాయె, ఆర్సీ లేకపాయె. బండికి ఎట్ల చేస్తనే అన్నా? కావాల్నంటే నీకు చేస్త, యాక్సిడెంట్ పాలసీ."

"నాకేమైంది?"

"ఇప్పటికైతే ఏం కాలె."

అది అపశకునంలా తోచి లేచి వచ్చేశాను. వచ్చి, అటకెక్కి, పాత ప్లేటు దించి, సైకిలు వెనక మడ్‌గార్డుకు రెండు బోల్టులేసి బిగించాను. నా భార్య విజయ బట్టలు ఆరేస్తూ చూసింది.

"అది శ్రీనుగాని బండి నంబర్ గదా?"

"పాత ప్లేటు. ఇప్పుడది చెల్లదు. ఉత్తగ కనవడెతందుకే."

"చెల్లంది ఎందుకు పెడుతున్నవ్ మరి?"

"నీకు కానూన్ తెల్వదు, ఊకో," అన్నాను. కొరివితో తల గోక్కోవడం పాత మాట. నేను నంబర్ ప్లేటుతో గోక్కున్నాను.

ఆ రోజు నుంచి రాజాలా తిరిగాను. ఒక్క పోలీసు కూడా ఆపలేదు. అంతా ప్లేటు మహిమ అనుకున్నాను. సైకిలును అసలెవరూ ఆపరన్న సంగతి నాకు తట్టలేదు. కొన్నాళ్ళకు ప్లేటు ఉన్నదన్న సంగతే మర్చిపోయాను. మనిషి తన వీపు తాను చూసుకోడు కదా.

ఒకనాడు పొద్దున్నే శ్రీను వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, కళ్ళు లోపలికి పోయాయి.

"బావా, నాకు ఫోన్ల చలాన్లు వస్తున్నయ్. హెల్మెట్ లేదని. అమ్రోలి సిగ్నల్ కాడనట. సాయంత్రం పూట. నేను ఆ టైంల మిల్లుల ఉంట!"

"గదే చెప్పరాదు?"

"చెప్పిన."

"పోలీసులేమన్నరు?"

"పోలీసులకు కాదు, ఇంట్ల పద్మకు చెప్పిన. ఓవర్‌టైమని చెప్పి అమ్రోలికి ఎవతి కోసం పోతున్నవ్ అంటుంది. బ్యాగు సదురుకుంది. తల్లిగారింటికి పోతదట." వాడు తన నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఒట్టు బావా, నేను అమ్రోలి మొఖం చూడక ఎన్నాళ్ళయిందో."

మీకు అర్థమైపోయింది. విజయ గుడికి వెళ్ళింది గానీ, ఉంటే తనకూ అర్థమయ్యేది. నాకు మాత్రం నెత్తురు ఉడికిపోయింది. ఒకరి నంబరు ఇంకొకరు తగిలించుకుని తిరుగుతున్నారని పేపర్లో చదివి ఉన్నాను.

"నీ నంబర్ ఎవడో దొంగతనం చేసిండు! గసొంటోన్ని ఇడిసిపెట్టొద్దు. నడువు, నేనొస్త."

వాడు స్కూటరు మీద ముందు, నేను సైకిలు మీద వెనక. ట్రాఫిక్ పోలీసుల ఆఫీసు ముందు రెండు బళ్ళూ పక్కపక్కన నిలబెట్టి లోపలికి పోయాం. అక్కడొక ఇన్‌స్పెక్టర్ మేడమ్ ఉంది. శ్రీను నోరు తెరిచేలోపే నేను అందుకుని, నాకొచ్చిన గుజరాతీ, హిందీ కలిపి దంచేశాను. "ఒక కాపురం పోతోంది మేడమ్! వాడెవడో గానీ జైల్లో వెయ్యాలి. నలుగురిలో నిలబెట్టి సిగ్గు తీయాలి."

మేడమ్ కంప్యూటర్లో ఫొటోలు తెరిచింది. కాసేపు చూసింది. స్క్రీను మావైపు తిప్పింది.

"ఇది స్కూటరు కాదు. సైకిలు."

"చూసినవా శ్రీనూ! సైకిల్‌కు పెట్టుకున్నడు బద్మాష్!"

శ్రీను ముందుకు వంగాడు. "బావా, ఆ గళ్ళ అంగి... అక్క నీకు కొన్న అంగి లెక్కనే ఉన్నది."

"అసొంటి అంగీలు సూరత్‌ల మస్తుంటయ్."

"ఆ బట్టతల?"

"బట్టతలలు గూడ మస్తుంటయ్."

అప్పుడే బయటినుంచి ఒక కానిస్టేబుల్ వచ్చి సెల్యూట్ కొట్టాడు. "మేడమ్, బయట రెండు బళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. రెంటికీ ఒకటే నంబరు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే మామూలు దొంగ భుజాలు తడుముకుంటాడు. నేను గుమ్మడికాయను భుజాన పెట్టుకునే వెళ్ళి, దొంగను పట్టుకోమని అరిచాను.

"ఎందుకు పెట్టావు కాకా?" అంది మేడమ్.

"కానూన్‌కు భయపడి మేడమ్."

ఆమె నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది. "ఈ స్పీడుకు, ఈ మోటారుకు చట్టం దృష్టిలో ఇది సైకిలే. లైసెన్స్ అడగం, నంబరు అడగం, ఇన్సూరెన్స్ అడగం. రోడ్డు మీద నీ అంత నిర్దోషి ఇంకొకడు లేడు. స్క్రూడ్రైవర్ తెచ్చుకుని మరీ దోషివయ్యావు. వేరే బండి నంబరు పెట్టుకు తిరిగితే కేసవుతుందని తెలుసా?"

శ్రీను మెల్లగా, "మా బావ మంచోడే మేడమ్, జర..." అని తలవైపు వేలు చూపించి ఆపేశాడు. ఆ రోజు నన్ను కాపాడింది ఆ వేలే.

ప్లేటు నా చేతులతో నేనే ఊడదీసి ఇచ్చాను. క్షమాపణ రాయించుకున్నారు. శ్రీను చలాన్లు రద్దయ్యేలా చూస్తామన్నారు. వెళ్ళేటప్పుడు మేడమ్ అంది: "ఇన్సూరెన్స్ లేదని ధైర్యంగా ఉండకు. ఎవరినైనా గుద్దితే జేబు నీదే. హెల్మెట్ మేం అడగం, తల మాత్రం నీదే."

నేరుగా పాండేసరకు పోయాం. విజయకు ఫోన్ చేస్తే తనూ ఆటోలో వచ్చింది. పద్మ బ్యాగు గుమ్మం దగ్గరే ఉంది. నేను చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాను. ఆఫీసులో స్క్రీను మీంచి తీసుకున్న ఫొటోలు శ్రీను ఫోన్లో చూపించాడు.

పద్మ చాలాసేపు చూసింది. "నువ్వా అన్నా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. లేచి బ్యాగు లోపల పెట్టి, శ్రీనుకు మంచినీళ్ళిచ్చింది. నాకూ ఇచ్చింది, వాడి తర్వాత.

హమ్మయ్య అనుకునేలోపు విజయ ఆ ఫోను అందుకుంది. రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసింది.

"ఈ హ్యాండిల్‌కు యాలాడేది ఏంది?"

నేను ఖాళీ గ్లాసు ఎత్తి మళ్ళీ తాగాను.

"ఇంకోటి చూపియ్ శ్రీను. ఇండ్ల గూడ ఉన్నది. అండ్ల గూడ. గీ ఫొటోల ఆగి తింటనే ఉన్నడు!"

అమ్రోలి సిగ్నల్ పక్కన లోచో అమ్మే దుకాణం ఉంది, ఆ వేలాడేది అక్కడి పొట్లమే. ఉడికించిన శనగపిండి మీద ధారాళంగా నూనె, గుప్పెడు సన్న కారప్పూస. నూనెవస్తువులు ముట్టొద్దని డాక్టరు నాకు చెప్పి అప్పటికి ఏడాది. ఆ ఏడాదిగా ఇంట్లో నాకు పెడుతున్నది జొన్నరొట్టె, ఆకుకూర.

"గందుకేనా సాయంత్రం ఆకలైతలేదంటున్నవ్?" అంది విజయ.

ఆ రోజు కూలింది ఎవరి కాపురమో మీరే చెప్పండి.

అందుచేత ఇందుమూలంగా నలుగురి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. చట్టం అక్కర్లేదన్నదాన్ని ఈ జన్మలో తగిలించుకోను. అమ్రోలి సిగ్నల్ దగ్గర లోచో ముట్టను. రెండు సందుల అవతల ఇంకో దుకాణం ఉంది. అక్కడ కెమెరా లేదు, చూసుకునే వచ్చాను.